ఇరవై రెండేళ్ల కుర్రాడి ఆఖరి కచేరీ

మొన్న ఫెస్ట్ నాటకం మీటింగులో నేను ఓడిపోయాను. పదకొండు చేతులు అటు లేచాయి, మూడు చేతులు ఇటు. ఆ మూడింట్లో ఒకటి నాదే. రెండు నెలలు కూర్చుని నేను రాసిన నాటకం, దానికోసం మా రూమ్మేట్ కట్టిన నాలుగు కొత్త పాటలు పక్కకి పోయాయి. అందరికీ వచ్చిన పాత హిట్ పాటలు ఓ పది తీసుకుని, వాటి మధ్య కథ అల్లి ఆడదామన్న ఆలోచన గెలిచింది. అది నాటకం కాదు, మేకప్ వేసుకున్న అంత్యాక్షరి అని గట్టిగానే అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ కోపంతో రూముకొచ్చి, అసలీ పద్ధతి ఎక్కడ మొదలైందో చూద్దామని కూర్చున్నాను. దీనికో పేరుంది, జ్యూక్‌బాక్స్ మ్యూజికల్. జ్యూక్‌బాక్స్ అంటే పాత రోజుల్లో అమెరికా హోటళ్లలో ఉండే పాటల పెట్టె. నాణెం వేసి మీట నొక్కితే మనం కోరిన రికార్డు తిరుగుతుంది. అలాగే జనానికి ముందే తెలిసిన పాటలతో కట్టిన నాటకాన్ని జ్యూక్‌బాక్స్ మ్యూజికల్ అంటారు. అలా వెతుకుతుంటే ఒక ఫొటో కనబడింది. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు. చేతిలో గిటార్, కళ్లకి మందపాటి నల్ల ఫ్రేము. అచ్చం మన క్లాసులో ముందు బెంచీలో కూర్చుని అసైన్‌మెంట్ ముందుగా ఇచ్చేసే బాపతు. పేరు బడ్డీ హాలీ. చనిపోయేనాటికి వయసు 22. వచ్చే నెలలో నాకూ 22 నిండుతాయి. ఇక ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

*

1936 సెప్టెంబరు 7న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో లబ్బక్ అనే ఊళ్లో పుట్టాడు. చుట్టూ పత్తి చేలు, పైన బోలెడంత ఆకాశం. అసలు పేరు చార్లెస్ హార్డిన్ హాలీ. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు కాబట్టి ఇంట్లో బడ్డీ అని ముద్దుగా పిలిచేవాళ్లు. అమ్మ, అన్నలు, అక్క అందరికీ సంగీతం పిచ్చి. అయిదేళ్లప్పుడు అన్నలు వీడి చేతిలో ఓ బొమ్మ వయొలిన్ పెట్టి పాటల పోటీకి తీసుకెళ్లారు. వాడికి అది వాయించడం రాదు కదా! అందుకని కమాను మోగకుండా పెద్దన్న దానికి ముందే గ్రీజు పూశాడు. వాడు కమాను ఊపుతూ పాట పాడేశాడు. అయిదు డాలర్ల బహుమతి వాడికే వచ్చింది.

హైస్కూల్లో ఉండగానే స్నేహితుడు బాబ్ మాంట్‌గొమరీతో కలిసి ఆదివారాలు ఊళ్లోని రేడియో స్టేషన్‌లో పాడేవాడు. అప్పటికి వాళ్లు పాడేది అక్కడి పల్లెపాటల బాణీ. 1955లో ఎల్విస్ ప్రెస్లీ లబ్బక్ వచ్చాడు. ఆ ప్రదర్శన చూశాక మనవాడు ముందులా లేడు. రాక్ ఎన్ రోల్ తలకెక్కింది. పెద్దన్న అప్పిచ్చిన డబ్బుతో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ కొన్నాడు. ఇంట్లో నలుగురు నవ్వే పిచ్చికి నమ్మి డబ్బిచ్చే అన్న ఉండటం ఎంత అదృష్టమో హాస్టల్లో ఉండే మనకి చెప్పక్కర్లేదు.

1956లో డెక్కా అనే పెద్ద రికార్డు కంపెనీ పిలిచింది. కాంట్రాక్టు కాగితంలో ఇంటిపేరు స్పెల్లింగులో ఒక 'ఈ' అక్షరం ఎగిరిపోయింది. టెన్త్ మెమోలో తప్పు పడితే మనం ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. ఇతను మాత్రం ఆ తప్పునే తన పేరుగా ఉంచేసుకున్నాడు. నాష్‌విల్‌లో రికార్డింగులు జరిగాయి. అక్కడి పెద్దవాళ్లు చెప్పినట్టు పాడాడు. ఏదీ ఆడలేదు. 1957 జనవరిలో కంపెనీ ఇక వద్దు పొమ్మంది. పైగా కాంట్రాక్టులో ఓ మెలిక ఉంది. అక్కడ రికార్డు చేసిన పాటల్ని అయిదేళ్ల దాకా ఇంకెక్కడా మళ్లీ రికార్డు చేయకూడదు. వాటిలో 'దట్ విల్ బి ది డే' కూడా ఉంది. జాన్ వేన్ సినిమా ఒకటి చూసి, అందులో హీరో మాటిమాటికీ అనే మాట పట్టుకుని, డ్రమ్మర్ జెర్రీ ఆలిసన్‌తో కలిసి కట్టిన పాట అది.

ఇరవై ఏళ్ల కుర్రాడు ఫెయిలై ఇంటికొచ్చాడు. మనమైతే ఏం చేస్తాం? రెండు నెలలు ఎవరికీ ఫోన్ ఎత్తం. అతను మాత్రం ఫిబ్రవరిలోనే జట్టుని వెంటేసుకుని పక్క రాష్ట్రంలోని క్లోవిస్ అనే చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడ నార్మన్ పెట్టీ అనే ఆయన స్టూడియో ఉంది. అందరూ గంటల లెక్కన డబ్బు తీసుకుంటే ఆయన పాట లెక్కన తీసుకునేవాడు. అంటే గడియారం చూడకుండా ప్రయోగాలు చేసుకోవచ్చు. ఫిబ్రవరి 25న అదే పాటని మళ్లీ, ఈసారి వేగంగా, తమకి నచ్చినట్టు రికార్డు చేశారు. పాత కాంట్రాక్టు గొడవ రాకుండా అతని పేరు కాకుండా జట్టు పేరు వేశారు. క్రికెట్స్ అని. ఆట కాదండోయ్, కీచురాళ్లు! తమాషా ఏమిటంటే ఆ రికార్డుని విడుదల చేసిన బ్రన్స్‌విక్ కంపెనీ డెక్కా వాళ్లదే. ముందు తలుపు నుంచి గెంటేసిన ఇంట్లోకే పక్క తలుపు నుంచి దర్జాగా వెళ్లాడన్నమాట. సెప్టెంబరుకల్లా ఆ పాట అమెరికాలో మొదటి స్థానం, నవంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానం.

క్లోవిస్‌లో వాళ్లు చేసిన పనులు చదువుతుంటే నాకు మన ప్రాజెక్ట్ ల్యాబ్ గుర్తొచ్చింది. ఒక పాటకి డ్రమ్ము బదులు ఆలిసన్ తన తొడల మీద చేతులతో తాళం వేశాడు. ఇంకో పాటకి అట్టపెట్టె వాయించాడు. ఒక పాటలో బడ్డీ తన గొంతు రికార్డు చేసి, దాని మీద మళ్లీ తానే పాడి, తనకి తానే జత కలిశాడు. పాటలు వాళ్లే రాసుకోవడం, వాళ్లే వాయించుకోవడం, రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్. ఈరోజు మన కాలేజీ బ్యాండుతో సహా ప్రపంచంలో ఎక్కడ నలుగురు కుర్రాళ్లు బ్యాండ్ పెట్టినా దాదాపు అదే లెక్క.

ఇక కళ్లజోడు. ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవం నాటకానికి టీచరు నా కళ్లజోడు తీయించారు. రాజుగారి సేనాపతికి జోడేమిటని. సింహాసనం మెట్టు కనబడక రాజుగారి ఒళ్లో పడ్డాను. ఆ తరవాత నేను స్టేజి ఎక్కలేదు, తెర వెనక రాతకే పరిమితమయ్యాను. బడ్డీకి నాకంటే చూపు ఘోరం. మొదట్లో కనబడీ కనబడని సన్న ఫ్రేము పెట్టుకునేవాడు. తరవాత ఎలాగూ దాగదని కాబోలు, దూరం నుంచి కూడా కనబడేలా మందపాటి నల్ల ఫ్రేము పెట్టాడు. టీవీల్లో, స్టేజీల మీద దాంతోనే నిలబడ్డాడు.

1958 మార్చిలో బ్రిటన్ వెళ్లి పాతిక రోజులు ఊరూరా పాడాడు. లివర్‌పూల్‌లో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ అనే ఇద్దరు కుర్రాళ్లు అతని గిటార్ పట్టు నేర్చుకోవడానికి తంటాలు పడుతున్న రోజులవి. లెనన్‌కీ చూపు తక్కువే. వాళ్లు ఆ ఏడాది తొలిసారి డబ్బు కట్టి చేయించుకున్న రికార్డు బడ్డీ పాటే. కీచురాళ్లని చూసి వాళ్లూ తమ జట్టుకి పురుగు పేరే పెట్టుకున్నారు. బీటిల్స్.

ఆ ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో ఒక సంగీత ప్రచురణ సంస్థ ఆఫీసులో మరియా ఎలెనా అనే అమ్మాయిని చూశాడు. తొలిసారి కలిసి భోజనం చేసిన రోజే పెళ్లి మాట ఎత్తాడు. ఆగస్టు 15న పెళ్లయిపోయింది. న్యూయార్క్‌లో కాపురం పెట్టారు. ఈలోగా పెట్టీతో లెక్కలు చెడ్డాయి. పాటల డబ్బు ఆయన చేతిలో ఉండిపోయింది. జట్టు కూడా విడిపోయింది. పేరు ప్రపంచమంతా మోగుతున్న మనిషికి ఇంటి ఖర్చులకి కటకట. భార్య కడుపుతో ఉంది. అందుకే మధ్య అమెరికాలో, గడ్డ కట్టే జనవరిలో, ఒక సంగీత యాత్రకి ఒప్పుకున్నాడు.

24 రోజులు, 24 ఊళ్లు. ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు. బస్సులో హీటరు పాడైంది. చలికి పాదాలు దెబ్బతిని డ్రమ్మర్ ఆస్పత్రి పాలయ్యాడు. 1959 ఫిబ్రవరి 2న అయోవాలోని క్లియర్ లేక్ అనే ఊళ్లో, సర్ఫ్ బాల్‌రూమ్‌లో పాడారు. తరవాతి ఊరికి మళ్లీ ఆ బస్సెక్కలేక బడ్డీ చిన్న విమానం మాట్లాడాడు. మనిషికి 36 డాలర్లు. ముందుగా వెళితే బట్టలు ఉతికించుకుని కాస్త నిద్రపోవచ్చు. అంతే ఆశ. జ్వరంతో ఉన్న జె.పి. రిచర్డ్‌సన్‌కి వేలన్ జెన్నింగ్స్ తన సీటిచ్చాడు. ఇంకో సీటుకి నాణెం ఎగరేస్తే రిచీ వాలెన్స్ గెలిచాడు. అర్ధరాత్రి దాటాక విమానం లేచింది, కొద్ది నిమిషాల్లోనే మంచు పొలంలో కూలిపోయింది. రిచర్డ్‌సన్‌కి 28. వాలెన్స్‌కి 17. పైలట్ రోజర్ పీటర్సన్‌కి 21. చీకట్లో, మంచులో కేవలం మీటర్ల మీద ఆధారపడి నడిపే అర్హత అతనికి ఇంకా రాలేదు. బడ్డీకి 22. పెళ్లయి ఆర్నెల్లు కూడా నిండలేదు. వార్త మరియా ఎలెనాకి టీవీలో తెలిసింది. ఆ వెంటనే కడుపులో బిడ్డ కూడా పోయింది.

తొలి హిట్ నుంచి ఆఖరి రాత్రి దాకా లెక్కేస్తే ఏడాదిన్నర. మన మూడు సెమిస్టర్లు.

*

అతను పోయిన ముప్పై ఏళ్లకి, 1989 అక్టోబరులో, లండన్‌లోని విక్టోరియా ప్యాలెస్ థియేటర్‌లో 'బడ్డీ' అనే నాటకం మొదలైంది. రాసింది అలన్ జేన్స్. బడ్డీ జీవితం, బడ్డీ పాటలు. తరవాత మరో థియేటర్‌కి మారి 2002 దాకా ఆడింది. లండన్‌లోనే 5,000 పైచిలుకు ప్రదర్శనలు. నా ప్రశ్న ఇదీ: అయిదు డాలర్ల రికార్డులో ఇంట్లో కూర్చుని అసలు గొంతే వినొచ్చు కదా, వేరేవాడు పాడితే వినడానికి అంతమంది టికెట్ కొని ఎందుకెళ్లారు?

తెలిసిన పాటల బలమే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 2005లో న్యూయార్క్ బ్రాడ్వేలో బీచ్ బాయ్స్ పాటలతో ఒక నాటకం, జాన్ లెనన్ పాటలతో ఒక నాటకం వచ్చాయి. ఆ పాటల కంటే తెలిసిన పాటలు ఇంకేముంటాయి? అయినా ఒకటి మూడు నెలలు తిరిగేలోపే మూతబడింది, రెండోది అన్నాళ్లు కూడా నిలవలేదు. అదే ఏడాది నవంబరులో వచ్చిన 'జెర్సీ బాయ్స్' మాత్రం 2017 దాకా ఆడింది. అందులో ఫోర్ సీజన్స్ జట్టులోని నలుగురూ ఒక్కొక్కరుగా వచ్చి ఎవరి కథ వాళ్లు చెబుతారు. అంతెందుకు, లండన్‌లో పన్నెండేళ్లు ఆడిన 'బడ్డీ' న్యూయార్క్‌లో ఏడాది కూడా ఆడలేదు. కాబట్టి హిట్ పాటల జాబితా చేతిలో ఉంటే చాలదు.

'బడ్డీ' ఎలా కట్టారో చదివాక నాకు కొంచెం అర్థమైంది. అందులో నటులే వాయిస్తారు. వెనక టేపు తిరగదు. రికార్డులో పాట ఎప్పుడూ తప్పు పోదు, వెయ్యిసార్లు వేసినా ఒకేలా వస్తుంది. స్టేజి మీద కుర్రాడు గిటార్ పట్టుకుని మొదటి తీగ మీటే లోపల ఒక్క క్షణం భయం ఉంటుంది. పాట మనకి వచ్చు, కానీ ఈ కుర్రాడు నెగ్గుకొస్తాడో లేదో తెలియదు. డెక్కా వాళ్లు పొమ్మన్నాక క్లోవిస్‌లో గిటార్ పట్టుకున్న బడ్డీకీ సరిగ్గా అదే తెలియదు. రికార్డులో మనకి మిగిలింది గెలిచిన బడ్డీ. ఇంకా గెలవని బడ్డీ నాటకంలోనే దొరుకుతాడు.

ఇంకో సంగతి. రెండో అంకంలో ఆ క్లియర్ లేక్ రాత్రి వస్తుంది. అప్పుడు టికెట్ కొని కూర్చున్న జనమే సర్ఫ్ బాల్‌రూమ్ జనం అయిపోతారు. వాళ్లు విడిగా నటించక్కర్లేదు, చప్పట్లు కొడితే చాలు, వాళ్ల వేషం వాళ్లు వేసినట్టే. ఒక్కటే తేడా. ఆనాటి జనానికి తెలియని విషయం వీళ్లకి తెలుసు. ఈ పాట అయిపోతే విమానం. అందుకని పాట అవ్వకూడదని చప్పట్లు కొడతారు. కానీ అవుతుంది. స్టేజి చీకటవుతుంది. ఒంటరి గిటార్ మీద దీపం వెలుగు పడుతుంది, ప్రమాదం వార్త వినబడుతుంది. ఆ తరవాత మళ్లీ దీపాలు వెలిగి కచేరీ సాగుతుంది, హాలంతా లేచి నిలబడుతుంది.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. ఒక కుర్రాడి చావు మీద జనం డాన్సులేమిటి? ఆ మరియా ఎలెనా దుఃఖం మాటేమిటి? పైలట్ కుర్రాడి తల్లిదండ్రుల మాటేమిటి? జీవితాన్ని పాటలకి సరిపోయేలా కత్తిరించడం కాదా ఇది? కొంతవరకు నిజమే. పెట్టీతో లెక్కల గొడవ స్టేజి మీద ఎంత చెప్పినా పాటంత గుర్తుండదు. నెలలు పట్టినవి నిమిషాల్లో అయిపోతాయి.

ఈ సందేహం మా తాతయ్యకి ఫోన్ చేసి అడిగాను. ఆయనకి బడ్డీ ఎవరో తెలియదు, రాక్ అంటే రాయి అనుకుంటారు. కానీ పద్యనాటకం అంటే ప్రాణం. కుర్రతనంలో రాత్రంతా కూర్చుని సత్యహరిశ్చంద్ర చూసిన మనిషి. ఆయన నవ్వి, కాటిసీను సంగతి చెప్పారు. హరిశ్చంద్రుడు కాటికాపరిగా వచ్చి పాడే పద్యాల్లో జాషువా గారి శ్మశానవాటి పద్యాలున్నాయి. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. విడిగా రాసిన ఖండిక. జనం నోళ్లలో నానినవి కాబట్టి నటులు తెచ్చి నాటకంలో పెట్టుకున్నారు. ప్రేక్షకులకి ప్రతి పద్యం కంఠతా వచ్చు. లోహితాస్యుడు చచ్చిపోయాడనీ తెలుసు. అయినా నటుడు రాగం ఎత్తుకుంటే ఒన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. కాటిలో ఒన్స్‌మోర్! అది చావుని చూసి సంబరపడటం కాదురా, ఆ గొంతు ఆగిపోవద్దని అడగటం అన్నారు తాతయ్య. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలోనే నిలబడ్డాను. ఇన్నేళ్లుగా మన ఊళ్లలో ఉన్నదాన్నే నేను మీటింగులో అంత్యాక్షరి అని వెక్కిరించాను.

*

బడ్డీ కళ్లజోడు సంగతి చెప్పి ముగిస్తాను. ప్రమాదంలో అది మంచులో కూరుకుపోయింది. వసంతం వచ్చి మంచు కరిగాక పొలంలో దొరికింది. ఎవరో కవరులో పెట్టి ప్రభుత్వ ఆఫీసులో దాచారు, అందరూ మర్చిపోయారు. ఇరవై ఏళ్లు దాటాక, 1980లో బయటపడింది. చివరికి మరియా ఎలెనా చేతికి చేరింది. ఇప్పుడది లబ్బక్‌లో అతని పేరు మీదున్న మ్యూజియంలో ఉంది. ఫొటో చూశాను. అద్దాలు లేని ఉత్త ఫ్రేము.

మర్నాడు వెళ్లి మా డైరెక్టర్‌కి సారీ చెప్పాను. పది పాటల మధ్య కథ నేనే రాస్తానన్నాను. రెండు షరతులు పెట్టాను. ఒకటి, కరవోకే ట్రాక్ పెట్టకూడదు. తప్పు పోయినా సరే, మనవాళ్లే వాయించాలి, మనవాళ్లే పాడాలి. రెండు, మా రూమ్మేట్ కట్టిన నాలుగు పాటల్లో ఒకటి చివర్లో ఉండాలి. ప్రతి పాత హిట్టూ ఒకరోజు ఎవరికీ తెలియని పాటే కదా. డైరెక్టర్ మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి రిహార్సల్ చూసి చెబుతానన్నాడు. తనూ ఒక షరతు పెట్టాడు. కథ నడిపే సూత్రధారి వేషం నేనే వేయాలట. వేస్తాను. కళ్లజోడుతోనే వేస్తాను.

సోమవారం సాయంత్రం ఆరింటికి సెమినార్ హాలు వెనక రిహార్సల్స్ మొదలు. హార్మోనియం ఉంది, గిటార్లు రెండున్నాయి. డోలక్ వాయించేవాళ్లు కావాలి. ఏ బ్రాంచి అయినా ఫరవాలేదు, రండి.